ఊళ్లో ఇంటికి బ్రాడ్‌బ్యాండ్: ఏ లైను తీసుకోవాలి?

పట్నంలో నెట్ పెట్టించుకునేవారు మొదట అడిగే ప్రశ్నలు రెండు: వేగం ఎంత, నెలకు ఎంత? ఊళ్లో వీటికన్నా ముందు అడగాల్సింది మరొకటి ఉంది. లైను తెగితే అతికించడానికి ఎవరు వస్తారు, ఎక్కడి నుంచి వస్తారు? ఊరి కేబుల్ ఆపరేటరే అయితే పొద్దున ఫోన్ చేస్తే చీకటి పడేలోగా స్తంభానికి నిచ్చెన ఆనుతుంది. జిల్లా కేంద్రం నుంచి మనిషి రావాలంటే మాత్రం ఆ దారిలో మరో నాలుగు ఫిర్యాదులు పోగయ్యాకే బండి కదులుతుంది. కంపెనీల కరపత్రాల్లోని పట్టికల్లో ఈ గడి ఎక్కడా ఉండదు. అందుకే ఇక్కడ ఎక్కువ మార్కులు దానికే వేశాను.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో ఇంటికి ఇంటర్నెట్ తెచ్చుకునే దారులు ప్రధానంగా ఐదు: ఫైబర్, 5జీ టవర్ నుంచి వచ్చే ఎయిర్‌ఫైబర్, పక్క పట్నం నుంచి డాబా మీది రేడియోతో అందుకునే లింకు, 4జీ సిమ్ రౌటర్, శాటిలైట్. ఒకే ఊళ్లో ఐదూ దొరకడం అరుదు. రెండు మూడు దొరికే ఊళ్లు మాత్రం చాలానే ఉన్నాయి, ఎటూ తేల్చుకోలేనిదీ అక్కడివారే.

## దేన్ని బట్టి తూచాలి

మరమ్మతు. కనెక్షన్ ఇచ్చే మనిషిని ఏమీ అడగకండి. అతని లైను వాడుతున్న పక్కింటివారిని అడగండి. కిందటి వానాకాలంలో ఎన్నిసార్లు పోయింది, పోయినప్పుడు ఎన్నాళ్లు పట్టింది అని. ఇద్దరు ముగ్గురిని అడిగితే విషయం తేలిపోతుంది.

కరెంటు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నంత మాత్రాన నెట్ ఉంటుందని కాదు. ఆపరేటర్ దగ్గరి పెట్టెకు కూడా బ్యాటరీ ఉండాలి. టవర్‌కూ ఉండాలి. కరెంటు పోయిన పది నిమిషాలకు నెట్ కూడా పోతోందంటే లోపం మీ ఇంట్లో లేదు.

సాయంత్రం వేగం. మధ్యాహ్నం రెండింటికి చేసిన స్పీడ్ టెస్టుకు విలువ లేదు. రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య చేసి చూడాలి. వీలైతే సంక్రాంతికో దసరాకో, ఊరు నిండిన రోజున చూడాలి. టవర్ మీద నడిచే ఏ కనెక్షన్ అయినా తన అసలు రూపం చూపించేది ఆ రోజుల్లోనే.

పైకి వెళ్లే వేగం. సినిమా చూడటానికి కిందికి దిగే వేగం చాలు. వీడియో మీటింగు, సీసీ కెమెరా, క్లాసులో పిల్లవాడి ముఖం అవతలివారికి కనపడటం, ఇవన్నీ పైకి వెళ్లే వేగం మీద ఆధారపడ్డవి. చాలా ప్రకటనలు ఈ అంకె చెప్పవు.

అసలు బిల్లు. ప్రకటనలోని ధరకు 18 శాతం జీఎస్టీ కలపండి. 399 అంటే 471, 599 అంటే 707. దాని పైన ఇన్‌స్టలేషన్, రౌటర్ డిపాజిట్, ఆరు నెలలో ఏడాదో ముందే కట్టమనే షరతు ఉండవచ్చు.

ఇంతకీ ఎంత వేగం కావాలి? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కలో 2 ఎంబీపీఎస్ దాటితే బ్రాడ్‌బ్యాండే. 2023 దాకా ఆ గీత 512 కేబీపీఎస్ దగ్గరే ఉండేది. నలుగురున్న ఇంట్లో 2 ఎంబీపీఎస్ ఏ మూలకూ చాలదు. హెచ్‌డీ వీడియోకు సుమారు 5, 4కే టీవీకి సుమారు 15, వీడియో మీటింగుకు రెండు వైపులా మూడు నాలుగు కావాలి. అన్నీ ఒకేసారి నడిచినా 30 ఎంబీపీఎస్‌తో సరిపోతుంది. 100, 200 ప్లాన్లకు పెట్టే అదనపు డబ్బుతో రౌటర్‌కు బ్యాటరీ కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

## ఒక చూపులో

| దారి | దొరికే చోటు | వేగం | ఎక్కువగా ఆగేది ఎందుకు | ఎవరికి |
|---|---|---|---|---|
| ఫైబర్ | కేబుల్ ఆపరేటర్ ఉన్న ఊళ్లు, పంచాయతీ దాకా కేంద్ర ప్రభుత్వ ఫైబర్ (భారత్‌నెట్) వచ్చిన ఊళ్లు | 30 నుంచి 100 ఎంబీపీఎస్, స్థిరంగా | తీగ తెగడం, ఆపరేటర్ దగ్గర కరెంటు పోవడం | అందరికీ మొదటి ఎంపిక |
| 5జీ ఎయిర్‌ఫైబర్ | మండల కేంద్రాలు, హైవే పక్క ఊళ్లు | ప్లాన్ 30 నుంచి 100. సాయంత్రం తగ్గవచ్చు | టవర్ రద్దీ, మధ్యలో చెట్లు | ఫైబర్ రాని ఇళ్లకు |
| రేడియో లింకు | పట్నానికి కంటిచూపు దూరంలోని ఊళ్లు | 10 నుంచి 50 | చూపు మూసుకుపోవడం, గాలివానకు డిష్ పక్కకు జరగడం | చిన్న ఆఫీసులు, పట్నం దగ్గరి ఇళ్లు |
| 4జీ సిమ్ రౌటర్ | సిగ్నల్ ఉన్న ప్రతిచోటా | 3 నుంచి 30, గంటకో తీరు | రోజువారీ డేటా అయిపోవడం, రద్దీ | రెండో లైనుగా, పొలం దగ్గర |
| శాటిలైట్ | ఆకాశం తెరిపిగా కనిపించే చోటు | సంస్థను బట్టి | భారీ వర్షం, కరెంటు | మరే దారీ లేని చోట |

వేగాల గడిలోవి వాడుకలో మామూలుగా కనిపించే అంకెలు. మీ వీధిలో వేరుగా ఉండవచ్చు.

## ఫైబర్: ఉంటే అదే, కానీ ఎవరి ఫైబర్?

ఫైబర్ దొరికే ఇంటికి మిగతా దారులు రెండో వరుసలోకి పోతాయి. గాజు పోగులో వెలుతురు పోతుంది కాబట్టి వర్షానికి, రద్దీకి పెద్దగా చలించదు. అయితే ఊళ్లో "ఫైబర్ ఉంది" అనేవారు కనీసం నాలుగు రకాలు.

మొదటివారు ప్రైవేటు కంపెనీ నెట్‌ను తమ తీగల మీద అమ్మే కేబుల్ ఆపరేటర్లు. వీరిలో రెండు పద్ధతులున్నాయి, ఆ తేడా చాలామందికి తెలియదు. కొత్త పద్ధతి జీపాన్. ఆపరేటర్ దగ్గరి యంత్రం నుంచి మీ ఇంటి పెట్టె దాకా, 20 కిలోమీటర్ల వరకు, మధ్యలో ఎక్కడా కరెంటు అక్కర్లేదు. స్తంభం మీది చిన్న డబ్బాలో స్ప్లిటర్ వెలుతురును 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. పాత పద్ధతిలో వీధి మొదట్లో ఎవరి గోడకో ఒక స్విచ్ తగిలించి, అక్కడి నుంచి ఇళ్లకు ల్యాన్ వైరు లాగుతారు. ఆ గోడ గల ఇంట్లో ఎవరైనా ప్లగ్గు తీస్తే వీధంతా నెట్ పోతుంది. మీ గదిలోకి వచ్చే తీగ సన్నగా, చివర ఆకుపచ్చనిదో నీలిదో చదరపు పిన్నుతో ఉంటే అది ఫైబర్. ల్యాండ్‌ఫోన్ పిన్నులాంటిదే కొంచెం పెద్దగా ఉంటే ల్యాన్ వైరు. రెండోదాన్ని ఫైబర్ ధరకు తీసుకోకండి.

రెండోది ఏపీ ఫైబర్‌నెట్. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఈ పథకం టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు ఇస్తామంటూ మొదలైంది. ఆ ధర ఇప్పుడు లేదు. దాని తీగ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా వెళుతుంది. తవ్వకం ఖర్చు లేకుండా మారుమూలలకు త్వరగా చేరడానికి కారణం అదే. తుపానుకు స్తంభాలు ఒరిగితే నెట్ కూడా నేల మీదికి రావడానికీ కారణం అదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో స్తంభాలను ఏం చేసిందో ఉద్దానం వారికి చెప్పనక్కర్లేదు. ఇళ్లకు ఇచ్చేది ఇక్కడా స్థానిక కేబుల్ ఆపరేటరే. కాబట్టి మంచి చెడ్డలు సగం అతనివి.

మూడోది బీఎస్‌ఎన్‌ఎల్. 2011లో ఆమోదం పొంది, 2015లో భారత్‌నెట్‌గా పేరు మారిన పథకం ఫైబర్‌ను పంచాయతీ దాకా తెచ్చింది. పంచాయతీ నుంచి ఇళ్లకు లాగే పనిని చాలాచోట్ల ఆదాయంలో వాటా తీసుకునే స్థానిక భాగస్వాములు చేస్తున్నారు. నెలకు సుమారు 400, 500 రూపాయల మధ్య ప్లాన్లు, 3,300 జీబీ దాకా పరిమితి ఉండటం దీని బలం. పాత లైన్లలో ఒక చిక్కుంది. తీగ ఒక ఊరి నుంచి మరో ఊరికి, అక్కడి నుంచి ఇంకో ఊరికి వరుసగా సాగుతుంది. మధ్యలో ఒక చోట జేసీబీ పన్ను తగిలితే ఆ తర్వాతి ఊళ్లన్నీ ఆగిపోతాయి. 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన పథకంలో వరుస బదులు వలయం పద్ధతి పెట్టింది ఇందుకే. ఒక వైపు తెగితే రెండో వైపు నుంచి నెట్ చుట్టూ తిరిగి వస్తుంది. మీ మండలంలో ఆ పని పూర్తయిందో లేదో ఎక్స్ఛేంజిలోనో, మీ పంచాయతీ కార్యదర్శినో అడిగి చూడండి. రోడ్డు వెడల్పు పనులు జరుగుతున్న మండలమైతే తప్పకుండా అడగండి.

నాలుగోది తెలంగాణలో రాష్ట్ర ప్రభుత్వ టీ-ఫైబర్. మిషన్ భగీరథ తాగునీటి పైపుల వెంట అదే కాలువలో గొట్టం వేసి అందులో ఫైబర్ లాగారు. నేలలో ఉంది కాబట్టి గాలివాన భయం తక్కువ, కోతుల భయం అసలు లేదు. కోతుల మాట నవ్వులాట కాదు. తెలంగాణ పల్లెల్లో ఇంటికి వచ్చే చివరి తీగకు జేసీబీ తర్వాతి శత్రువు అవే. ఇళ్లకు సేవలు 2024 డిసెంబరులో కొన్ని ఊళ్లలో ప్రయోగంగా మొదలయ్యాయి. మీ ఊరికి వచ్చి ఉంటే, ముందుగా పెట్టించుకున్నవారి అనుభవం విన్నాకే డబ్బు కట్టండి. పంచాయతీ ఆఫీసులో పెట్టె ఉన్నంత మాత్రాన ఇళ్లకు ఇస్తున్నట్టు కాదు.

నలుగురిలో ఎవరిని ఎంచుకోవాలి? నేనైతే పేరు చూడను. చివరి కిలోమీటరు తీగ ఎవరిదో, తెగిన పోగును కరిగించి అతికించే స్ప్లైసింగ్ మెషిన్ ఎవరి దగ్గరుందో చూస్తాను. ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఆ మెషిన్ ఉన్న ఆపరేటర్ అమ్మే ఏ కంపెనీ నెట్ అయినా ఫరవాలేదు. మెషిన్ లేనివాడు తెగిన చోట తాత్కాలికంగా ఓ ముడి వేసి వెళతాడు. ఆ ముడి దగ్గర వెలుతురు కారిపోతుంది.

ఆ వెలుతురును కొలవవచ్చు కూడా. పెట్టిన రోజే మనిషి చేతిలోని మీటరు మీద అంకె చూపించమనండి. అది మైనస్‌లో, డీబీఎం లెక్కలో ఉంటుంది. మైనస్ 15 నుంచి 22 మధ్య అయితే మంచిది. మైనస్ 25 దాటితే అంచున ఉన్నట్టు, 27 దాటితే నేడో రేపో పెట్టె మీద ఎర్ర లైటు వెలిగినట్టే. ఆ అంకెను తేదీతో సహా గోడ మీదో పుస్తకంలోనో రాసి పెట్టండి. ఆర్నెల్ల తర్వాత నెట్ నెమ్మదించినప్పుడు "మీ ఫోన్‌దే లోపం" అనే సమాధానానికి ఆ అంకె మంచి జవాబు.

## ఎయిర్‌ఫైబర్

2023లో ముందు ఎయిర్‌టెల్, తర్వాత సెప్టెంబరు 19న జియో ఈ సేవలు మొదలుపెట్టాయి. జియో తొలి జాబితాలోని ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఉంది. డాబా మీద ఒక పెట్టె టవర్ వైపు తిప్పి బిగిస్తారు, అక్కడి నుంచి వైరు కింద ఉన్న రౌటర్‌కు దిగుతుంది. తవ్వకం లేదు, స్తంభం లేదు, ఒక పూటలో పని అయిపోతుంది. తీగ తెగే బాధ లేకపోవడమే దీని పెద్ద గుణం. కోనసీమలో కొబ్బరి తోటల మధ్య ఇల్లు ఉన్నవారికి మాత్రం ఈ గుణం కొంచెం కరిగిపోతుంది. ఎక్కువ వేగం ఇచ్చే 3.5 గిగాహెర్ట్జ్ తరంగం ఆకులను, ముఖ్యంగా తడి ఆకులను దాటడానికి ఇబ్బంది పడుతుంది. జియో చేతిలో ఉన్న 700 మెగాహెర్ట్జ్ తరంగం దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ దాని మీద మోసుకురాగల డేటా తక్కువ. కాబట్టి "5జీ సిగ్నల్ ఫుల్" అనే మాట ఒక్కటే నమ్ముకుని ఏడాది డబ్బు కట్టకండి.

ఈ పేరుతో అమ్మేదాంట్లో రెండు రకాలున్నాయి. ఒకటి అచ్చంగా 5జీ. రెండోది 5జీ సరిగా అందని చోట కొందరు ఇచ్చే, లైసెన్సు అక్కర్లేని 5 గిగాహెర్ట్జ్ రేడియో. బీఎస్‌ఎన్‌ఎల్ ఎయిర్‌ఫైబర్ కూడా రెండో రకమే. దానికి డాబా మీది నుంచి టవర్ కంటికి కనపడాలి. మీకు ఇస్తున్నది ఏ రకమో అడగండి. రెండోదైతే టవర్‌కూ మీ ఇంటికీ మధ్య ఎవరైనా రెండో అంతస్తు వేసుకునే ఆలోచనలో ఉన్నారేమో కూడా చూసుకోవాలి.

జియో మొదలుపెట్టినప్పటి 599 రూపాయల ప్లాన్‌లో 30 ఎంబీపీఎస్, నెలకు 1,000 జీబీ ఇచ్చింది. 1,000 జీబీ అంటే రోజుకు 33 జీబీ. గంటకు 3 జీబీ చొప్పున హెచ్‌డీ టీవీ పది గంటలకు పైగా నడిపినా చాలుతుంది. ఇంట్లో రెండు పెద్ద టీవీలు 4కేలో నడిస్తే తప్ప పరిమితి గురించి దిగులు అక్కర్లేదు. దిగులు పడాల్సింది సాయంత్రం రద్దీ గురించి. ఎయిర్‌ఫైబర్ ఇళ్లూ, వీధిలోని ఫోన్లూ అదే టవర్‌ను పంచుకుంటాయి. మీరు పెట్టించుకున్నప్పుడు బాగుండి, ఇరవై ఇళ్లు చేరాక తగ్గే అవకాశం ఉంది. కాబట్టి ఏడాది కట్టేస్తే ఇన్‌స్టలేషన్ ఉచితమని ఊరించినా, కొత్తగా టవర్ వచ్చిన ఊళ్లో ముందు తక్కువ కాలానికే తీసుకోవడం నయం.

## రేడియో లింకు

పట్నంలోని చిన్న నెట్ కంపెనీ ఎత్తైన భవనం మీది నుంచి ఐదారు కిలోమీటర్ల దూరంలోని డాబాలకు నెట్ విసురుతుంది. ఎయిర్‌ఫైబర్ రాకముందు మండల కేంద్రాల చుట్టుపక్కల ఇదే ఆధారంగా ఉండేది. ఇప్పుడు ఫైబర్ గానీ 5జీ గానీ ఉన్న చోట కొత్తగా దీన్ని తీసుకోవడానికి కారణం కనిపించదు. ఒక్క మినహాయింపు ఉంది, దాన్ని చెరువుల వారి దగ్గర చెబుతాను.

## 4జీ సిమ్ రౌటర్, హాట్‌స్పాట్

రెండు మూడు వేల రూపాయల రౌటర్‌లో సిమ్ వేస్తే పని మొదలు. ఎవరినీ అడగక్కర్లేదు, ఇల్లు మారితే వెంట తీసుకుపోవచ్చు. చిక్కు రెండు చోట్ల. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ ప్లాన్ హెచ్‌డీలో ఒక సినిమా పూర్తి కాకుండానే అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే 64 కేబీపీఎస్‌తో వాట్సాప్‌లో మాట రాసుకోవచ్చు, అంతే. రెండోది, ఫోన్ మీద గీతలు నిండుగా ఉన్నా నెట్ కదలకపోవడం. గీతలు చెప్పేది టవర్ నుంచి మీ ఫోన్‌కు అందే సిగ్నల్ బలాన్ని. టవర్ నుంచి అవతలికి ఫైబర్ ఉందా, లేక మరో టవర్‌కు మైక్రోవేవ్‌తో ముడిపడి ఉందా అన్నది గీతల్లో కనపడదు. రెండో రకం టవర్ కింద ఎంత ఖరీదైన రౌటర్ పెట్టినా రాత్రి ఎనిమిదింటికి అదే గతి.

కొనేట్టయితే బయటి యాంటెనా తగిలించడానికి వీలున్న రౌటర్ కొనండి. మందపాటి మట్టిగోడల పెంకుటింట్లో మంచం పక్కన పెట్టిన రౌటర్‌కూ, డాబా మీద టవర్ వైపు కట్టిన యాంటెనాకూ తేడా చాలా ఉంటుంది. ఏ కంపెనీ సిమ్ అన్నదానికి ఒకప్పుడు ఊరంతా తిరిగి చూడాల్సి వచ్చేది. ఇప్పుడు ట్రాయ్ నిబంధన ప్రకారం కంపెనీలు తమ సిగ్నల్ ఉన్న ప్రాంతాల మ్యాపును వెబ్‌సైట్లలో పెట్టాలి. ముందు అది చూసి, తర్వాత చుట్టాల ఫోన్‌తో ఇంట్లోనే ఒకసారి పరీక్షించండి.

## శాటిలైట్

పాత రకం శాటిలైట్ నెట్ భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి వస్తుంది. మీ మాట పైకి వెళ్లి, కిందికి దిగి, జవాబు మళ్లీ అదే దారిలో రావడానికి దాదాపు అర సెకను పడుతుంది. బ్యాంకు శాఖలకు, పెట్రోలు బంకులకు అది పనికొస్తుంది, వీడియో మీటింగుకు విసుగు పుట్టిస్తుంది. స్టార్‌లింక్ లాంటివి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి కాబట్టి ఆ ఆలస్యం ఉండదు. స్టార్‌లింక్‌కు టెలికాం లైసెన్సు 2025 జూన్‌లో, అంతరిక్ష రంగ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్-స్పేస్ అనుమతి జులైలో వచ్చాయి. లైసెన్సు రావడం ఒకటి, మీ ఊళ్లో కనెక్షన్ అమ్మడం ఇంకొకటి. 2025 డిసెంబరులో నెలకు 8,600 రూపాయలనే ధర కంపెనీ వెబ్‌సైట్‌లో కనిపించి వార్తలకెక్కింది. అది పరీక్ష కోసం పెట్టిన ఉత్తుత్తి అంకె అని కంపెనీయే చెప్పింది. వాట్సాప్‌లో "ముందే బుక్ చేసుకోండి" అంటూ వచ్చే లింకులకు డబ్బు పంపకండి. కంపెనీ సొంత సైట్‌లో మీ ఊరి పిన్‌కోడ్‌కు దొరుకుతుందని చూపితేనే లెక్క.

దొరికినా కరెంటు సంగతి చూసుకోవాలి. ఫైబర్ పెట్టె 10, 15 వాట్లతో నడిస్తే ఈ డిష్‌కు మామూలుగా 50 వాట్లకు పైనే కావాలి. చిన్న బ్యాటరీతో రాత్రంతా నడవదు.

ఇంటికి ఏదీ పెట్టించుకునే స్తోమత లేనివారికి పీఎం-వాణి వైఫై ఉంది. 2020 డిసెంబరులో వచ్చిన ఈ పథకం కింద కిరాణా కొట్టువారు లైసెన్సు లేకుండానే వైఫై పెట్టి చిన్న మొత్తాలకు డేటా అమ్మవచ్చు. అలాంటి కొట్లకు ఇచ్చే ఫైబర్‌కు ఇళ్ల ధరకు రెట్టింపు మించి వసూలు చేయకూడదని 2025 జూన్‌లో ట్రాయ్ ఉత్తర్వు ఇచ్చింది. మీకు కొట్టు ఉంటే ఆలోచించదగ్గది.

## ఎవరికి ఏది

ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవారికి: ఫైబర్ ఒకటి, వేరే కంపెనీ సిమ్ ఒకటి. ఒకే స్తంభం మీది రెండు కంపెనీల ఫైబర్ తీసుకుని ధీమాగా ఉండేవారిని చూస్తుంటాం. స్తంభం పడితే రెండూ పోతాయి. రెండో లైను గాలిలో రావాలి. రెండు లైన్లు ఎక్కించుకుని, ఒకటి పోతే రెండోదానికి దానంతట అదే మారే రౌటర్లు దొరుకుతున్నాయి. రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ వెయ్యి, రెండు వేల మధ్య వస్తుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కూడా ఇది అవసరమే, ఎందుకంటే ఇన్వర్టర్ అందుకునే క్షణంలో కొన్ని పెట్టెలు ఆరి మళ్లీ వెలుగుతాయి. ఆ రెండు నిమిషాల్లో మీటింగు పోతుంది.

పిల్లల చదువు, టీవీ కోసమైతే: దొరికే ఫైబర్‌లో చౌకది. లేకపోతే ఎయిర్‌ఫైబర్. 30 ఎంబీపీఎస్ దాటి వెళ్లకండి.

పిల్లలు అమెరికాలో, అమ్మానాన్నలు ఊళ్లో ఉన్న ఇంటికి: ఇక్కడ వేగం చివరి సంగతి. అమ్మ ఫోన్ చేసి "బాబూ, ఎర్ర లైటు వస్తోంది" అంటే పేరు గుర్తుపట్టి వచ్చే ఆపరేటర్ కావాలి. కాల్ సెంటర్‌లో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటే పెద్దవాళ్లు విసిగి ఫోన్ పెట్టేస్తారు. కాబట్టి నెలకు వంద రూపాయలు ఎక్కువైనా ఊరివాడి లైనే తీసుకోమంటాను. రీఛార్జ్ మాత్రం అక్కడి నుంచి పిల్లలే చూసుకోవడం మంచిది. చాలా ఇళ్లలో నెట్ "పాడైందని" తేలేది గడువు అయిపోయిన మర్నాడే.

మీసేవ, ఇంటర్నెట్ సెంటర్, ఆధార్ పనులు చేసేవారికి: వాడే డేటా తక్కువ, ఆగితే పోయే డబ్బు ఎక్కువ. సర్టిఫికెట్ల గడువు చివరి రోజున బయట ముప్ఫై మంది నిలబడి ఉంటారు. ఒక ఫైబర్, దానితో పాటు రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు. ఈ ఒక్కరికి మాత్రం ఎంత చెప్పినా అతిగా అనిపించదు.

చెరువులు, తోటలు ఉన్నవారికి: భీమవరం, కైకలూరు వైపు చెరువు గట్టు మీద కెమెరా కోసం ఫైబర్ లాగించడం డబ్బు దండగ. సోలార్ పలకతో వచ్చే 4జీ సిమ్ కెమెరా చాలు, కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెట్టుకుంటే డేటా మిగులుతుంది. ఇంట్లో ఫైబర్ ఉండి, డాబా మీది నుంచి చెరువు కనిపిస్తుంటే మరో దారి ఉంది. 5 గిగాహెర్ట్జ్ రేడియోల జత ఒకటి కొని, ఒకటి డాబా మీద, ఒకటి చెరువు దగ్గరి షెడ్డు మీద ఎదురెదురుగా బిగిస్తే ఇంటి నెట్టే అక్కడికీ వస్తుంది. నెలవారీ ఖర్చు ఉండదు. 2018 నుంచి మన దేశంలో ఈ తరంగాలకు, నిర్ణీత శక్తి దాటనంత వరకు, లైసెన్సు అక్కర్లేదు. రేడియో లింకుకు నేను చెప్పిన మినహాయింపు ఇదే.

పాడేరు, చింతపల్లి లాంటి ఏజెన్సీ ఊళ్లు, నల్లమల లోపలి ఊళ్లవారికి: కొండ అడ్డం వస్తే ఎయిర్‌ఫైబర్ లేదు, అడవిలో తవ్వకానికి అనుమతులు దొరకక ఫైబర్ ఆలస్యం. సిగ్నలే లేని ఊళ్ల కోసం 2022 జులైలో కేంద్రం 4జీ పథకాన్ని ఆమోదించింది, దాని కింద టవర్లు వేసేది బీఎస్‌ఎన్‌ఎల్. దేశీయ పరికరాలతో ఆ సంస్థ 4జీ 2025 సెప్టెంబరు 27న అధికారికంగా మొదలైంది. ముందు పాత సిమ్‌ను 4జీకి మార్పించుకుని, ఎత్తులో యాంటెనా కట్టి చూడండి. బడికో ఆరోగ్య కేంద్రానికో అయితే శాటిలైట్ ఖర్చు సమర్థించుకోవచ్చు. ఒక్క ఇంటికి కష్టం. నాలుగైదు ఇళ్లు కలిసి పంచుకోవాలనుకుంటే ఆ కంపెనీ షరతులు ఒప్పుకుంటాయో లేదో ముందు చదవండి.

## డబ్బు కట్టే ముందు

రౌటర్ మీదా, వారిదా? డిపాజిట్ తిరిగి ఇస్తారా? ఆరు నెలల డబ్బు ముందే కట్టి, రెండో నెలలో వదిలేస్తే మిగిలింది ఏమవుతుంది? నోటి మాటగా చెప్పినదాన్ని వాట్సాప్‌లో రాయించుకోండి. ఊరివాడే కదా అని మొహమాటపడితే తర్వాత ఇబ్బంది ఇద్దరికీ. బిల్లు కంపెనీ పేరుతో వస్తోందా, లేక చిన్న చీటీ మీద రాసిస్తున్నారా అన్నది కూడా చూడండి. చీటీ అయితే మీరు ఆ కంపెనీ వినియోగదారు అని నిరూపించుకునే ఆధారం మీ దగ్గర ఉండదు.

పిడుగుల సంగతి ఒకటి. గాజు పోగు వెంట కరెంటు రాదు, కానీ స్తంభాల మీద లాగే తీగల్లో కొన్నిటికి బలం కోసం లోపల ఇనుప తీగ ఉంటుంది. అది ఇంటి గోడ దాకా రాకుండా బయటే కత్తిరించమనండి. అడాప్టర్‌ను మాత్రం ఉరుములప్పుడు ప్లగ్గులోంచి తీయడమే మంచిది. కాలిపోయేవి ఎక్కువగా అవే.

లైను పోయినప్పుడు ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఊరుకోకండి. కంపెనీ యాప్‌లోనో నంబరులోనో ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, తీసుకోండి. 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు మూడు రోజులు దాటినా సరిచేయకపోతే కంపెనీ అద్దెలో కొంత వెనక్కి ఇవ్వాలి. డాకెట్ నంబరు లేకపోతే ఆ మూడు రోజుల లెక్క మొదలే కాదు. నేరుగా ట్రాయ్‌కు రాసి ఎదురుచూసేవారున్నారు. ఆ సంస్థ విడి ఫిర్యాదులు తీసుకోదు. ముందు కంపెనీ ఫిర్యాదుల కేంద్రం, అక్కడ పని కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారి, ఆ తర్వాత కేంద్ర టెలికాం శాఖ పబ్లిక్ గ్రీవెన్స్ పోర్టల్. ఈ వరుసలోనే వెళ్లాలి.